మూడ్ లేదా? అయినా షాట్ రెడీ!

“ఇవాళ మూడ్ లేదు గురూ!” ఈ మాట స్టూడియోల్లో ఎంత వినిపిస్తుందో ఆఫీసుల్లో, కాలేజీల్లోనూ అంతే వినిపిస్తుంది. ఇంట్లో చికాకు, ఒంట్లో నలత, జేబులో కరువు... ఇన్ని పెట్టుకుని పనిలో హుషారు ఎక్కణ్ణుంచి వస్తుందండీ అని అడిగే కుర్రకారుకి నేను చెప్పే పేరు ఒక్కటే. అక్కినేని నాగేశ్వరరావు!

1974లో ఆయనకి అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఎవరైనా విశ్రాంతి కోరుకుంటారు. ఆయన మళ్లీ మేకప్ వేసుకున్నారు. అంతేనా! 1976 నాటికి హైదరాబాదు బంజారాహిల్స్‌లో, రాళ్ల గుట్టల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ నిలబెట్టారు.

1981లో ‘ప్రేమాభిషేకం’ వచ్చింది. కథ గుర్తుందా? తనకి క్యాన్సరని తెలిసిన హీరో ఆ సంగతి ప్రేయసికి చెప్పడు. పైగా తనంటే ఆమెకి అసహ్యం పుట్టేలా ప్రవర్తిస్తాడు. హాల్లో ఎన్ని కర్చీఫులు తడిశాయో!

నన్ను అంతకన్నా కదిలించిన సన్నివేశం మాత్రం తెరమీద జరగలేదు. 2013 అక్టోబరులో, తొంభై ఏళ్ల వయసులో, ఆయనకి నిజంగానే క్యాన్సరని తేలింది. సినిమాలో దాచిన మనిషి జీవితంలో దాచలేదు. పత్రికల వాళ్లని పిలిచి స్వయంగా చెప్పేశారు. ఇక పుకార్లకి తావెక్కడ? ఇందులో ఓ కిటుకుందని నాకనిపిస్తుంది. కష్టాన్ని దాచడానికి ఖర్చయ్యే ఓపికంతా పనికి మిగుల్తుంది!

అప్పుడు ఆయన చేతిలో ఉన్న సినిమా ‘మనం’. కొడుకు నాగార్జున, మనవడు నాగచైతన్యలతో కలిసి నటిస్తున్నారు. తన పాత్రకి డబ్బింగు కూడా తనే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. మే 23న సినిమా విడుదలైంది. థియేటర్లో వినిపించింది ఆయన సొంత గొంతే!

అందరం అక్కినేనిలం కాలేం, నిజమే. జబ్బుకి డాక్టరు, అలసటకి విశ్రాంతి కావాల్సిందే. కానీ హుషారు వచ్చాక పని మొదలెడదామనుకుంటే అది ఎప్పటికీ రాదు. మీ కష్టాన్ని దగ్గరివాళ్లకి ఒక్కసారి చెప్పేయండి. తర్వాత “నా బతుకేమైపోతుందో” అని కాకుండా “ఈ పూట ఏం పూర్తి చెయ్యాలి” అని అడగండి. సినిమా అంతా ఒక్కరోజులో తీయరు కదా, ఒక్కో షాటూ తీస్తారు. మొదటి షాట్ ఓకే అయితే చాలు, హుషారు దానంతటదే సెట్‌కి వస్తుంది.

మూడ్ కోసం ఎదురుచూస్తూ కాల్షీట్ వేస్ట్ చేసుకోకండి మరి!