ఆమవాతం – వాతరక్తం: సంధిరోగ వర్ణనలలోని భేదం

ఆధునిక వైద్యంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనబడే వ్యాధికి ఆయుర్వేద పర్యాయంగా ఆమవాతాన్ని చెప్పడం నేడు పరిపాటి అయింది. మూలగ్రంథాలను పరిశీలిస్తే ఈ సమీకరణం అంత సులభం కాదని తెలుస్తుంది.

ప్రాచీన సంహితలలో ఆమవాతానికి ప్రత్యేకాధ్యాయం లేదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని 29వ అధ్యాయం వాతరక్తాన్ని గూర్చినది. అది ఉత్తానమని, గంభీరమని రెండు విధాలు. గంభీరంలో వాయువు సంధులలోను అస్థిమజ్జలలోను సంచరిస్తూ అవయవాలను వంకరచేసి, రోగిని కుంటివానిగా చేస్తుంది. ఉపద్రవాలలో అంగుళీవక్రత కూడా పరిగణితమైంది. అయితే ఈ వ్యాధి సుకుమారులకు, సుఖభోజనులకు అధికంగా కలుగుతుందని చెప్పడం గౌట్‌ను స్ఫురింపజేస్తుంది.

ఆమవాతాన్ని స్వతంత్ర వ్యాధిగా నిరూపించినవాడు మాధవనిదానకర్త మాధవకరుడు. మందాగ్నివల్ల పుట్టిన ఆమం వాతప్రేరితమై శ్లేష్మస్థానాలను చేరుతుందని ఆయన సిద్ధాంతం. చేతులు, పాదాలు, చీలమండలు, మోకాళ్లు మొదలైన సంధులలో వాపు, తేలు కుట్టినట్టి బాధ, జ్వరం, అరుచి, అజీర్ణం దాని లక్షణాలు. ఆయన హృద్గ్రహాన్ని కూడా పేర్కొన్నందున రుమాటిక్ జ్వరం సైతం ఇందులో ఇమిడి ఉండవచ్చు.

కనుక బహుసంధిశోథం, జ్వరం ఆమవాతంలోను, వేళ్ల వైకల్యం వాతరక్తంలోను కనబడుతున్నాయి. ఏ ఒక్క పదమూ ఆధునిక వ్యాధిని సంపూర్ణంగా వ్యక్తం చేయదు.

ఈ సాంకర్యం భారతీయ గ్రంథాలకే పరిమితం కాదు. 1800లో పారిస్‌లో లాండ్రే-బోవే తన సిద్ధాంతగ్రంథంలో ఈ వ్యాధిని వర్ణించినప్పుడు దానిని గౌట్‌లోని ఒక భేదంగానే తలచాడు. గౌట్ రోగుల రక్తంలో యూరికామ్లం అధికమని 1848లో నిరూపించిన ఆల్ఫ్రెడ్ గారడ్, 1859లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే పేరు పెట్టి దానిని వేరుచేశాడు. అంటే పాశ్చాత్యులకు సైతం ఈ వివేచన రక్తపరీక్షతోనే సుస్థిరమైంది.

తెలుగు వాడుకలో ‘కీళ్లవాతం’ ఈ వ్యాధులన్నింటికీ సామాన్యనామం. బసవరాజీయంవంటి సంస్కృతాంధ్ర వైద్యగ్రంథాలను పరిష్కరించేవారు, బోధించేవారు అట్టి పదాలకు ఆధునిక నామాన్ని నేరుగా తగిలించరాదు. మూలపదాన్ని నిలిపి, లక్షణాలను వివరించి, పోలికను పోలికగానే సూచించడం సముచితం. లేనిచో వాతరక్తానికి విధించిన చికిత్స ఆమవాతానికి, ఆమవాతానికి చెప్పిన లంఘన స్వేదనాదులు వాతరక్తానికి అన్వయింపబడే ప్రమాదం ఉంది.