పేలుడు ఒకటి, చప్పుళ్లు రెండు

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు (ఓసీ) బొగ్గు గనుల పక్కన కాపురముండేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. బ్లాస్టింగ్ జరిగితే ఒక చప్పుడు నేరుగా వచ్చి కిటికీలను అదిలిస్తుంది. ఆ వెనకే, అవతల గని మట్టి పోసిన ఓబీ గుట్టకు తగిలి మళ్లిన రెండోది కాస్త మెత్తగా వినిపిస్తుంది. రెండింటికీ ఎంత ఎడముందో లెక్కపెడితే గుట్ట దూరాన్ని అంచనా కట్టవచ్చు.

న్యూట్రాన్ తారల జంటలను కొలవడానికీ ఇదే లెక్క పనికొస్తుంది. న్యూట్రాన్ తార అడ్డుకొలత సుమారు 20 కిలోమీటర్లే. బరువు మాత్రం సూర్యుడిని మించుతుంది. తోడు నక్షత్రం నుంచి అది వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు పళ్లెంలా చుట్టూ తిరుగుతూ లోపలికి జారి, కోటి డిగ్రీలకు కాగి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. అవి పళ్లెం అంచులనూ తోడు నక్షత్రాన్నీ వేడెక్కిస్తే అక్కడి నుంచి మామూలు వెలుగు వస్తుంది. ఎక్స్-కిరణాలు మొదటి చప్పుడైతే, ఈ వెలుగు రెండోది.

కొన్ని తారల మీద పేరుకున్న వాయువు ఉన్నట్టుండి హైడ్రోజన్ బాంబులా అంటుకుంటుంది. 1978లో ఎంఎక్స్‌బీ 1735-44 అనే తారలో ఎక్స్-కిరణాలు ఎగసిన దాదాపు 3 సెకన్లకు వెలుగు ఎగసింది. రెండింటిదీ ఒకే వేగం, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. తేడా అంతా దారిలోనే. ఆ చుట్టుదారి సుమారు 9 లక్షల కిలోమీటర్లన్నమాట! దూరదర్శినిలో చుక్కగా మాత్రమే కనిపించే జంట కొలత అలా చేతికొచ్చింది.

చిక్కేమిటంటే, ఎక్స్-కిరణాలను మన గాలి మింగేస్తుంది. అందుకే 1968లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాద్ నుంచి భారీ బెలూన్ ఎగరేసి, వృశ్చిక రాశిలోని స్కో ఎక్స్-1 అనే ఇలాంటి జంటను కొలిచారు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఎక్స్-కిరణాలనూ అతినీలలోహిత కాంతినీ ఏకకాలంలో చూడగలదు.

హెర్క్యులిస్ ఎక్స్-1 అనే జంట కథ మరీ చిత్రం. 35 రోజుల చక్రంలో చాలా రోజులు దాని ఎక్స్-కిరణాలు మనకు బాగా తగ్గిపోతాయి. తార ఆరిపోయిందా? తోడు నక్షత్రం మాత్రం 1.7 రోజులకోసారి, కాగిన ముఖాన్ని మనవైపు తిప్పి ఎప్పటిలాగే వెలుగుతుంది. అంటే ఆ ముఖం ఇంకా కాలుతూనే ఉంది. మెలితిరిగిన పళ్లెం మనకు అడ్డొచ్చింది, అంతే.

ఓసీకీ ఇంటికీ మధ్య గుట్ట ఉంటే మొదటి చప్పుడు సరిగా అందకపోవచ్చు. అవతలి గుట్ట నుంచి రెండోది అందితే చాలు, ఇవాళా బ్లాస్టింగ్ అయిందని తెలిసిపోతుంది.