చేపల చెరువులో నాచు - తొందరపడి మందు చల్లవద్దు

వేకువజామున గట్టు మీదికి వెళ్లిన రైతుకు చేపలు నీటిపైకి తేలి, నోళ్లు తెరచి గుటకలు వేయుచు కనపడినచో గుండె ఝల్లుమనును. ఆకివీడు, ఉండి, భీమవరము ప్రాంతములలో చేపల చెరువులున్న మీకు ఈ దృశ్యము కొత్త కాదు. చెరువుకు తెగులు సోకినదని తలచి మందుల దుకాణమునకు పరుగెత్తువారే ఎక్కువ. పెక్కుసార్లు అది తెగులు కాదు, చేపలకు ఊపిరాడకపోవుట. దానికి మూలము చెరువునిండా పెరిగిన నాచు. ఆ నాచును ఒక్క దెబ్బతో చంపబోయి, నెలల తరబడి మేపిన చేపలను ఒక్క రాత్రిలో పోగొట్టుకొనకుండుటకే ఈ నాలుగు మాటలు.

నీరు లేత ఆకుపచ్చగా నుండుట మంచిదే. విడిగా కంటికి కనపడని ఈ నాచు పగలు ఎండలో ప్రాణవాయువును విడుచును. దానిని తిని నీటిలోని చిన్న పురుగులు పెరుగును, వాటిని బొచ్చె తినును. అయితే ప్రొద్దు గ్రుంకిన తరువాత నాచు ప్రాణవాయువును విడువదు సరికదా, చేపలతోపాటు తానును పీల్చుకొనును. నీరు మరీ చిక్కగా పచ్చబడిన చెరువులో సాయంకాలము పుష్కలముగా నున్న ప్రాణవాయువు తెల్లవారుసరికి అడుగంటును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములకు తగ్గకున్న చేపలు సుఖముగా నుండును. 3 కన్న తగ్గినచో కష్టమే. మబ్బు పట్టి గాలి స్తంభించిన రోజులలో మరింత జాగ్రత్త వలెను. పగలు తయారగు ప్రాణవాయువే ఆనాడు తక్కువ.

నాచు ఎంత ఉన్నదో తెలుసుకొనుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. సెక్కి అను ఇటలీ దేశపు మతాచార్యుడు 1865లో సముద్రజలముపై చేసి చూపిన పరీక్షనే నేటికిని ప్రపంచమంతటా వాడుచున్నారు. జానెడు వెడల్పు గల తెల్లని పళ్లెమునకు బరువు కట్టి, గుర్తులు పెట్టిన త్రాటితో మధ్యాహ్నవేళ నీటిలోనికి దింపవలెను. 30 మొదలు 40 సెంటీమీటర్ల లోతున పళ్లెము మరుగుపడినచో నీరు సరిగా నున్నట్లు. 20 లోపుననే మరుగైనచో ప్రమాదము. పళ్లెము కూడ లేదందురా, చేయి నిలువునా నీటిలో ముంచవలెను. మణికట్టు మునుగకముందే వ్రేళ్లు కనపడకున్న నాచు మితి మీరినట్లే. వరదల కాలమున కాలువలో వచ్చు గోదావరి ఎర్రనీటికి మాత్రము ఈ లెక్క పనికిరాదు. అది ఒండ్రు, నాచు కాదు.

పచ్చరంగు డబ్బా ఒలికినట్లు నీటిపై తెట్టు కట్టి, గాలివాటున ఒక మూలకు చేరునది నీలి ఆకుపచ్చ నాచు. ఈ జాతివానిలోనే కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి వరిచేలకు మేలు చేయునని పి.కె. డే 1939లో నిరూపించెను. చేనిలో చుట్టమైనది చెరువులో శత్రువగుట వింతయే! చెరువులో తెట్టుకట్టు రకములలో కొన్ని విషమును కూడ పుట్టించును. తెట్టు మూలకు చేరిన వేళ పలుచని గుడ్డతో దేవి, గట్టుకు దూరముగా పూడ్చవలెను. ఇక జుట్టువలె పోగులుగా పెరుగు పాచి చేపపిల్లల తొట్లలో పిల్లలను చిక్కులలో బంధించును. దానిని చేతితో లాగివేయుటకన్న మంచి ఉపాయము లేదు.

ఇంత నాచు ఎక్కడినుండి వచ్చినది? మనము వేసినదే. కర్రలకు కట్టిన సంచులలో తవుడు మిగిలిపోవుచున్నను మరునాడు అంతే పోయుదుము. నీరు పచ్చగా నున్నను కోళ్లఎరువు, సూపరు ఫాస్ఫేటు ఆపము. పిల్లలు ఇంటిలో గాజుతొట్టిలో చేపలను పెంచుచున్నచో గమనింపుడు. కిటికీ ప్రక్కన పెట్టి, ముచ్చటపడి పూటపూటకు మేత చల్లిన తొట్టి కొద్ది దినములలోనే పచ్చబడును. తొట్టిని నీడకు జరిపి, మేత తగ్గించి, వారమునకొకసారి నాల్గవవంతు నీరు మార్చిన క్రమముగా తేరుకొనును. చెరువును నీడకు జరుపలేము కాని, మిగిలిన రెండు పనులును మన చేతిలోనివే. ఎరువు ఆపవలెను. మేత సంచులు ఖాళీ అగుచున్నవా యని రోజూ చూచుకొని, మిగిలినచో ఆ మేరకు తగ్గింపవలెను. మబ్బు రోజున సగము చాలును. కాలువనీరు దొరకునపుడు కొంత పాతనీరు తీసి కొత్తనీరు పెట్టవలెను.

మైలుతుత్తము సంగతి. వరిచేలో పాచికి ఎకరమునకు 2 కిలోలు గుడ్డసంచులలో కట్టి నీటిమడవలలో పెట్టుట మీకు అలవాటే. ఆ చేతివాటముతో చేపల చెరువులో చల్లరాదు. నీటి క్షారగుణమును పరీక్ష చేయించి, వచ్చిన అంకెను 100తో భాగించిన లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు వాడవచ్చునో తెలియును. క్షారగుణము 50కి తక్కువైనచో అసలు వాడరాదు. 5 అడుగుల నీరున్న ఎకరము చెరువుకు లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున సుమారు 6 కిలోలు పట్టును. మోతాదు సరిపోయినను మరొక గండమున్నది. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లునపుడు ఉన్న ప్రాణవాయువును కూడ తినివేయును. కనుక తప్పనిసరియైనచో మత్స్యశాఖవారి సలహాపై, ఎండ బాగుగా కాయు ఉదయమున, చెరువులో కొంత భాగమునకే వేసి, కొన్నిదినములు ఆగి మిగతా భాగము చూడవలెను.

చేపలు ఇప్పటికే తేలియున్నచో ఏ మందు జోలికిని పోరాదు. మేత ఆపి, ఏరేటర్లు తిప్పవలెను. అవి లేనిచో ఇంజనుతో చెరువు నీటినే తోడి, ఎత్తునుండి చెరువులోనే తుంపరలుగా పడునట్లు చేయవలెను. ప్రొద్దెక్కువరకు ఆపరాదు.

గ్రామోద్యోగులకు ఒక మాట. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి డెల్టా గ్రామములు కాలువనీటినే నమ్ముకొన్నవి. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు నింపుకొన్న మంచినీటి చెరువే ఆ దినములలో ఊరికి దిక్కు. అందులో పశువులను కడుగనిచ్చినను, చేపల చెరువుల మురుగు చేరనిచ్చినను అక్కడను ఇదే తెట్టు కట్టును. అట్టి చెరువులో మైలుతుత్తము వేయించరాదు. తెట్టు చేరిన మూలనుండి నీరు ముంచుకొననీయక, పశువులను అక్కడ త్రాగనీయక కాపలా పెట్టి, నీటిని పరీక్షకు పంపవలెను. కాచి త్రాగుచున్నాము గదాయని కొందరు ధైర్యము చెప్పుదురు. ఆ నాచు విషము కాచినంత మాత్రమున పోదు.