ఆ పిలుపు ఎప్పుడొస్తుందో..!

పుట్టిన దేశం 'మీరు మావాళ్లు కాదు' అంది. వచ్చిన దేశం 'ఉండండి' అని చెప్పలేదు. ఈ రెంటి మధ్యా ఒక ఇంటర్వ్యూ. పాతబస్తీలోని రోహింగ్యా కుటుంబాలకు ఉద్యోగమిచ్చే ఇంటర్వ్యూ కాదది, తామెవరో రుజువు చేసుకునే ఇంటర్వ్యూ. దానికోసం నెలలూ ఏళ్లూ ఎదురుచూడటం ఎలా ఉంటుంది?

బహదూర్‌పురా అనగానే హైదరాబాద్ పిల్లలకు గుర్తొచ్చేది జూపార్కు. సెలవొస్తే చాలు, ఆ గేటు ముందు తిరనాళ్లే. అక్కడికి దగ్గర్లోనే కిషన్‌బాగ్. ఇరుకు సందులూ రేకుల ఇళ్లూ పాత సామాన్ల గోదాములూ... జూకి వచ్చినవాళ్లకు అటు వెళ్లే పనుండదు. ఆ సందుల్లోనూ, ఇంకాస్త దూరంలో బాలాపూర్, బార్కస్, హఫీజ్‌బాబానగర్ బస్తీల్లోనూ 2012 నుంచి కొత్త మనుషులు ఎక్కువగా కనపడసాగారు. మాట్లాడేది బెంగాలీలా వినిపిస్తుంది, బెంగాలీ కాదు. మగవాళ్లు అడ్డా మీద కూలికి నిలబడతారు, తుక్కు ఏరతారు, మాంసం దుకాణాల్లో పనిచేస్తారు. అన్నం, ఎండుచేప, పచ్చిమిర్చి... తిండి మాత్రం మన కోస్తావాళ్లకు కొత్తేమీ కాదు.

వాళ్లు మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి వచ్చిన రోహింగ్యాలు. 1982లో ఆ దేశం తెచ్చిన పౌరసత్వ చట్టం గుర్తింపు పొందిన జాతుల జాబితాలో వీళ్లను చేర్చలేదు. తరతరాలుగా దున్నుకుంటున్న నేల మీదే పరాయివాళ్లయ్యారు. 2012లో అల్లర్లు చెలరేగాయి. 2017 ఆగస్టులో సైనికదాడుల తర్వాత ఏడు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌లోకి పరుగెత్తారు. అంతకుముందే వచ్చినవాళ్లలో కొందరు కోల్‌కతా, ఢిల్లీ, జమ్మూల మీదుగా హైదరాబాద్ చేరారు. ఇక్కడే ఎందుకంటే... కూలి దొరుకుతుంది, ఉర్దూ అర్థమవుతుంది, ముందొచ్చిన బంధువు ఎవరో ఒకరుంటారు. ఎక్కడికి వలసపోయే తెలుగువాళ్లయినా చూసుకునేది ఈ మూడే కదా!

దేశంలో రోహింగ్యాలు 40 వేలమంది దాకా ఉంటారని 2017లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ దగ్గర అప్పటికి పేరు నమోదైంది మాత్రం అందులో సగంకన్నా తక్కువమందికే.

ఇంటర్వ్యూ ఎందుకంటే...

మన దేశంలో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడిక మీద భారత్ సంతకం చేయలేదు. టిబెటన్ల బాగోగులూ శ్రీలంక తమిళుల బాగోగులూ ప్రభుత్వమే నేరుగా చూసింది. మయన్మార్, అఫ్గానిస్థాన్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఢిల్లీలోని ఐరాస శరణార్థుల సంస్థ తలుపు తట్టాల్సిందే. ఆ సంస్థ మనదేశంలో 1981 నుంచీ పనిచేస్తోంది. హైదరాబాద్‌లో దాని తరఫున 'కోవా' అనే స్వచ్ఛంద సంస్థ శరణార్థులకు సాయపడుతూ వచ్చింది.

ముందు పేరు నమోదు చేసుకుంటారు. 'మీ అర్జీ పరిశీలనలో ఉంది' అని ఒక కాగితం చేతికొస్తుంది. ఆ తర్వాత అసలు ఘట్టం... ఇంటర్వ్యూ. ఏ ఊరు, ఊరి పెద్ద ఎవరు, మసీదు ఏ పక్కనుంది, పొలం ఎంత, ఇల్లు ఎప్పుడు తగలబడింది, ఎవరొచ్చారు, ఏ దారిన పారిపోయారు, తిరిగెళ్తే ఏమవుతుంది... గంటల తరబడి సాగే ప్రశ్నలు. అవునంటే శరణార్థి కార్డు వస్తుంది. కాదంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కాదన్నా అవునన్నా ఆ మాట చెప్పడానికి మళ్లీ కొంతకాలం పడుతుంది.

ఇంటర్వ్యూకి ఢిల్లీ వెళ్లాలంటే రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ దాటి ప్రయాణం. ఇంటిల్లిపాదికీ టికెట్లు, దారిలో తిండి, అక్కడ ఎవరింట్లోనో బస, పోయిన కూలి... రోజుకూలీకి ఇవన్నీ కలిపితే చాంతాడంత లెక్క. 2020లో కరోనా వచ్చాక ఫోన్లోనూ వీడియోలోనూ మాట్లాడటం మొదలైంది. ప్రయాణం ఖర్చు తప్పింది. కానీ పదిమంది వినే రేకుల గదిలో కూర్చుని, పరాయివాళ్లకే కాదు, కన్నపిల్లలకీ చెప్పని సంగతులు ఫోన్లో చెప్పడం ఎంత కష్టమో ఆడవాళ్లకే తెలుస్తుంది.

ఈ కార్డు కోసమే 2012 వేసవిలో రోహింగ్యాలు పెద్దసంఖ్యలో ఢిల్లీ వెళ్లి ఐరాస కార్యాలయం ముందు బైఠాయించారు. పిల్లాపాపలతో ఎండలో రోజుల తరబడి పడున్నారు. ఎదురుచూడలేక చేసిన పని అది!

కార్డు వస్తే ఏమొస్తుంది?

పౌరసత్వం రాదు. రేషన్ రాదు. ఉద్యోగం చేసే హక్కూ రాదు. మరి ఎందుకింత ఆరాటం? రాత్రిపూట పనినుంచి వస్తుంటే పోలీసు ఆపాడనుకోండి... చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆస్పత్రిలో, బడిలో, అద్దెకిచ్చేవాడి దగ్గర 'నువ్వెవరు' అనే ప్రశ్నకు అదొక్కటే జవాబు.

ఆ జవాబు కూడా గట్టిది కాదు. ప్రభుత్వ వాదన వేరు. వీళ్లు శరణార్థులు కాదు, అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లు, భద్రతకు సంబంధించిన విషయమిది అంటుంది కేంద్రం. 2021 మార్చిలో జమ్మూలో 150 మందికి పైగా రోహింగ్యాలను నిర్బంధ కేంద్రానికి తరలించారు. వాళ్లలో ఐరాస కార్డులున్నవాళ్లూ ఉన్నారు. ఆ కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, నిర్దేశించిన పద్ధతి పాటించకుండా వాళ్లను వెనక్కి పంపకూడదంది. విడుదల చేయమని మాత్రం చెప్పలేదు. 2025 జులైలో ఇదే కోర్టు, వీళ్లు శరణార్థులా, అక్రమంగా ప్రవేశించినవాళ్లా అన్నదే మొదట తేల్చాల్సిన ప్రశ్న అంది. అంటే, కిషన్‌బాగ్‌లో ఒక తల్లి తన ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తుంటే, ఆ ఇంటర్వ్యూకి ఈ దేశంలో విలువ ఎంతన్న ప్రశ్న కూడా మరోచోట వాయిదాల మీద నడుస్తోందన్నమాట.

కాగితాల మూట

రోహింగ్యా ఇంట్లో అన్నిటికన్నా విలువైంది బంగారం కాదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వాన తగలకుండా పైన కట్టుకున్న కాగితాల మూట. మయన్మార్‌లో ఇచ్చిన కుటుంబ జాబితా, 2015లో అక్కడి ప్రభుత్వం రద్దు చేసిన తెల్లకార్డు, తాతల నాటి భూమి పత్రం, ఏవైనా ఫొటోలు... పారిపోయేటప్పుడు అన్నం గిన్నె వదిలేసి ఇవి పట్టుకొచ్చినవాళ్లున్నారు. అవీ తేలేనివాళ్లకు మిగిలింది నోటిమాటే.

2018 ఏప్రిల్‌లో ఢిల్లీ కాళిందీకుంజ్ దగ్గరి రోహింగ్యా శిబిరం రాత్రికి రాత్రే తగలబడిపోయింది. గుడిసెలతో పాటు ఐరాస కార్డులూ కాగితాలూ బూడిదయ్యాయి. 2021లో అక్కడే మళ్లీ నిప్పంటుకుంది. అందుకే అనుభవమున్నవాళ్లు చెప్పే మొదటి మాట... ప్రతి కాగితానికీ రెండు జిరాక్సులు తీసి ఒకటి వేరే ఇంట్లో ఉంచండి, ఫొటో తీసి ఫోన్లో దాచండి అని. ఫోన్ నంబరు మారినా, ఇల్లు మారినా, బిడ్డ పుట్టినా, ఎవరైనా చనిపోయినా వెంటనే ఐరాస సంస్థకు చెప్పాలి. పిలుపు వచ్చేది ఆ నంబరుకే. రీచార్జి అయిపోయి సిమ్ము ఆగిపోతే పిలుపు వచ్చినా తెలియదు. అందుకే ఇంట్లో పాలకు డబ్బుల్లేకపోయినా ఫోన్లో బ్యాలెన్సు ఉండేలా చూసుకుంటారు.

తేదీల తిప్పలు

'ఏ తేదీన జరిగింది?' - అధికారికి ఇది మామూలు ప్రశ్న. పల్లెటూరి రోహింగ్యాకు ఇదే గండం. వాళ్ల లెక్కలో రంజాన్ ముందా తర్వాతా, వరికోతలప్పుడా, పెద్ద తుపాను వచ్చిన ఏడాదా... ఇలా ఉంటుంది కాలం. మన అమ్మమ్మల్ని పుట్టినరోజు అడిగితే దివిసీమ ఉప్పెనకు నాలుగేళ్ల ముందు అన్నట్టే. దానికితోడు భయంలో చూసినవి వరసగా గుర్తుండవు. నిద్రపట్టనిరోజులు ఎక్కువయ్యేకొద్దీ ఇంకా చెదిరిపోతాయి. ఇంటర్వ్యూ ఆలస్యమయ్యేకొద్దీ మరుపు పెరుగుతుంది. మరుపు పెరిగేకొద్దీ 'అబద్ధం చెబుతున్నానని అనుకుంటారేమో' అన్న దిగులు పెరుగుతుంది.

ఇక్కడే దళారులకు పని దొరుకుతుంది. 'మా దగ్గర మంచి కథ ఉంది, అది చెబితే కార్డు ఖాయం', 'డబ్బిస్తే నీ ఫైలు ముందుకు జరుపుతా' అంటారు. రెండూ అబద్ధాలే. నమోదు దగ్గర్నుంచి కార్డు దాకా ఐరాస సంస్థ ఏ పనికీ ఒక్క పైసా తీసుకోదు. అరువు కథ చెప్పి దొరికిపోయినవాడి నిజం కూడా ఎవరూ నమ్మరు. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పొచ్చు. సొంతభాషలో మాట్లాడొచ్చు, దుబాసీని ఆ సంస్థే పెడుతుంది. దుబాసీ మాట అర్థం కాకపోతే అప్పుడే చెప్పాలి, ఇంటికొచ్చాక చెబితే లాభంలేదు. ఆడవాళ్లు తమతో ఆడవాళ్లే మాట్లాడాలని కోరవచ్చు. మధ్యలో ఏడుపొస్తే కాసేపు ఆగమని అడగొచ్చు. చెప్పిన విషయాలు మయన్మార్ ప్రభుత్వానికి చేరవు. ఈ చిన్న విషయాలు తెలియక వణికిపోయేవాళ్లే ఎక్కువ.

కొందరు ఇంటర్వ్యూ తేదీకోసం ఆగకుండా జ్ఞాపకం ఉన్నవన్నీ ముందే చెప్పుకుంటూ చదువొచ్చిన కుర్రాడితో రాయించుకుంటున్నారు. బట్టీ పట్టడానికి కాదు, మర్చిపోకుండా ఉండటానికి. రోహింగ్యా భాషకు 1980ల్లో మహమ్మద్ హనీఫ్ తయారుచేసిన లిపి ఉంది. 2018లో అది కంప్యూటర్ల యూనికోడ్‌లోనూ చేరింది. బస్తీ పిల్లలు మాత్రం ఉర్దూలోనో తెలుగులోనో రాస్తారు. బడిలో నేర్చింది అదే మరి.

రోజు గడవాలి కదా!

ఎదురుచూపులో అన్నిటికన్నా చేటు చేసేది ఖాళీ. మగవాళ్లకు కూలి ఉన్నరోజు దిగులుండదు. లేనిరోజు ఆ దిగులు ఇంట్లోవాళ్ల మీద కోపమై పడుతుంది. ఆడవాళ్లు అంత త్వరగా కుంగిపోరు. తీరికలేక! నీళ్లు పట్టాలి, పొయ్యి వెలిగించాలి, కుట్టుమిషను ఉంటే నాలుగు జాకెట్లు కుట్టాలి. సాయంత్రం ఏదో ఒక గుమ్మం ముందు చేరితే 'నీకు పిలుపొచ్చిందా' అన్న మాట తప్పదు. ఎవరికైనా వచ్చిందంటే మిగిలినవాళ్లకు సంతోషం సగం, గుబులు సగం. ఆయన మనకన్నా వెనకొచ్చాడే అని ఒకటే లెక్కలు. వరస ఎప్పుడూ వచ్చిన తేదీనిబట్టే ఉండదు. జబ్బుపడినవాళ్లూ ఒంటరి ఆడవాళ్లూ తోడులేని పిల్లలూ ముందుకొస్తారు. ఆ సంగతి ఎవరైనా విడమరచి చెబితే సగం గుబులు అక్కడే తీరుతుంది.

వరసల గోల ఇక్కడే కాదు. అమెరికాలో ఆశ్రయం కోరేవాళ్ల ఇంటర్వ్యూల్లో 1995లో మొదలై, మధ్యలో ఆగి, 2018లో మళ్లీ వచ్చిన పద్ధతి ఏంటంటే, చివర వచ్చినవాళ్లను ముందు పిలవడం! దొంగ అర్జీలు తగ్గుతాయని దాని ఉద్దేశం. పాత అర్జీలు మాత్రం అడుగునే ఉండిపోయాయి. పెండింగ్ అర్జీలు పది లక్షలు దాటాయి. బస్టాండులో పొద్దుట్నుంచీ నిలబడ్డవాడిని కాదని చివర్లో వచ్చినవాడికి సీటిచ్చినట్టు ఉంటుంది ఇది.

పిల్లల చదువే చాలామందిని నిలబెడుతున్న సంగతి. కార్డు సంగతి ఎలా ఉన్నా, రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులను ఆశ్రయించవచ్చనీ చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చనీ ఢిల్లీ పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

కార్డు వచ్చాక మరో ఎదురుచూపు మొదలవుతుంది. అమెరికా, కెనడా లాంటి మూడో దేశం ఏదైనా తీసుకెళ్తుందేమోనని. ప్రపంచంలోని శరణార్థుల్లో ఆ అదృష్టం దక్కేది ఏటా నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే. 2025 జనవరిలో అమెరికా తన శరణార్థుల కార్యక్రమాన్ని ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో ఐరాస శరణార్థుల సంస్థ నిధులు చాలక ప్రపంచవ్యాప్తంగా 3,500 దాకా ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తగ్గితే వరస ఎటు జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

2012లో తల్లి చంకలో నాఫ్ నది దాటిన పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకొచ్చారు. ఆ తర్వాత హైదరాబాద్ ఆస్పత్రుల్లో పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం ఉన్నా పౌరసత్వం లేదు. 2004 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఇక్కడ పుట్టడం ఒక్కటే చాలదు. పెద్దవాళ్ల ఫైల్లో ఇన్నాళ్లూ ఒక వరసలో పేరుగా ఉన్నవాళ్లను పద్దెనిమిది నిండాక విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడగొచ్చు. మీ ఊరు ఏది, మసీదు ఏ పక్కనుంది, తిరిగెళ్తే ఏమవుతుంది... తండ్రయితే బుతిదాంగ్ గురించి గంటసేపు చెబుతాడు. కొడుకు చూసిందల్లా కిషన్‌బాగ్. ఆ ఊరి సంగతులు ఇప్పుడు రాత్రిళ్లు అన్నాలయ్యాక తండ్రిని అడిగి తెలుసుకుంటున్నాడు.