దాస్యము నుండి సఖ్యమునకు – తోడుండువారి సేవాధర్మము



శ్రావణ సోమవారము వచ్చినను, మహాశివరాత్రి వచ్చినను వేములవాడ రాజన్న సన్నిధి జనసంద్రమగును. ధర్మగుండమున స్నానమాడి, కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేయు భక్తుల నడుమ ఒక్కొక్కప్పుడు ఒక దృశ్యము మన కంటబడును. కాళ్లు సహకరింపని యువకుడొకడు చక్రముల కుర్చీలో కూర్చుండును. వేరొక యువకుడు ఆ కుర్చీని మెల్లగా తోసికొని వచ్చుచుండును. ఇద్దరును ఏదో మాటకు నవ్వుకొనుచుందురు. అది చూచిన ఒక ముసలమ్మ, "నీ తమ్ముడా బిడ్డా?" అని తోయువానిని అడుగుననుకొందము. "కాదవ్వా, నేను వీళ్ల దగ్గర పని చేస్త" అని వాడనును. కుర్చీలోనివాడు వెంటనే, "గట్ల కాదవ్వా, మేమిద్దరం దోస్తులం" అనును.

ఈ రెండు జవాబులలో ఏది సత్యము? రెండును సత్యములే. జీతము తీసికొని చేయు పనియు నిజమే, ఆ పనిలో పుట్టిన స్నేహమును నిజమే. ఈ రెండింటి నడుమనున్న ధర్మమేమో నేడు విచారింతము.

దాస్యము, సఖ్యము

భాగవతమున ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో దాస్యము ఏడవది, సఖ్యము ఎనిమిదవది. దాస్యమునకు హనుమంతుని, సఖ్యమునకు అర్జునుని ఉదాహరణముగా పెద్దలు చెప్పుదురు. ఈ వరుసను గమనింపుడు. సఖ్యము దాస్యమునకు విరోధి కాదు, దాని తరువాతి మెట్టు. సేవ పండినప్పుడు స్నేహమగును. కొండగట్టు అంజన్నను దర్శించువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. రాముని పాదములకడ నిలిచిన సేవకుని రాముడు హృదయమునకు హత్తుకొనెను గదా!

భగవంతుని విషయమున మనమెరిగిన ఈ సత్యమే మనుష్యుల విషయమునను వర్తించును. అందులకు మహాభారతమున ఒక దివ్యమైన దృష్టాంతము కలదు. అది సంజయుని చరిత్ర.

అంధరాజునకు తోడైన సంజయుడు

ధృతరాష్ట్రుడు పుట్టుకతో అంధుడు. గవల్గణుని కుమారుడైన సంజయుడు ఆయన బంధువు కాడు, సూతుడు, ఆస్థానమున కొలువుచేయువాడు. నేటి మాటలో చెప్పవలెనన్న, చూపులేని ప్రభువునకు తోడుండుట ఆయన ఉద్యోగము. కాని ఆయన ఆ ఉద్యోగమును ఎట్లు నిర్వహించెనో చూడుడు.

మొదటిది, ఆయన ప్రియము కొరకు అసత్యమాడలేదు. పాండవుల కడకు రాయబారిగా పోయి వచ్చిన రాత్రియే, అలసియుండియు, రాజు చేసిన తప్పును ఆయన ముఖముననే చెప్పెను. ఆ రాత్రి రాజునకు నిద్ర పట్టలేదు. అప్పుడు విదురుని పిలిపించుకొని నీతి వినెను. మనసు నొచ్చునని తెలిసియు మేలు కోరి చెప్పువాడే మిత్రుడు.

రెండవది, ఆయన కన్నులనిచ్చెను గాని రాజు బుద్ధిని తన చేతిలోనికి తీసికొనలేదు. యుద్ధమునకు ముందు వ్యాసభగవానుడు ధృతరాష్ట్రునకు చూపునిత్తుననెను. జ్ఞాతివధను చూడలేను, వినిన చాలునని రాజు కోరగా, మహర్షి సంజయునకు దివ్యదృష్టిని అనుగ్రహించెను. సంజయుడు కన్నది కన్నట్లు చెప్పెను. పదునెనిమిది అధ్యాయముల భగవద్గీత మనకు దక్కినది ఆ మార్గముననే. చూపులేని ఒకనికి చూపున్న ఒకడు ఓపికతో చెప్పిన మాటలలో మనకు గీతోపదేశము లభించినది!

మూడవది మిక్కిలి ముఖ్యము. యుద్ధము ముగిసినది, రాజ్యము పోయినది, నూర్గురు కొడుకులు పోయిరి. కడకు ధృతరాష్ట్రుడు గాంధారీ కుంతీ సమేతుడై వానప్రస్థమునకు వెడలెను. ఇక జీతమిచ్చు కొలువు లేదు. అయినను సంజయుడు వెంట వెడలెను. మిట్టపల్లములు గల అడవిదారులలో రాజును ఆయన నడిపించెను, గాంధారికి కుంతి కన్నులయ్యెను. ఈ వృత్తాంతమును ఆశ్రమవాస పర్వమున చూడవచ్చును. తెలుగున ఆ పర్వమును తిక్కన సోమయాజి రచించెను.

ఆ అడవిలో దావాగ్ని చెలరేగినది. ఉపవాసములచే కృశించిన వారు పరుగెత్తలేరు. అప్పుడు ధృతరాష్ట్రుడు, అగ్ని నిన్ను తాకని చోటికి పొమ్మని సంజయునితో చెప్పెను. సంజయుడు తల్లడిల్లెను. తాపసులకు ఇట్టి మరణము నింద్యము కాదని రాజు ఆయనను ఊరడించి పంపెను. సంజయుడు బయటపడి, గంగాతీరమున తాపసులకు ఆ వార్త చెప్పి, హిమవంతమునకు తరలిపోయెను.

ఇచట మనము ఆగి ఆలోచింపవలెను. జీవితమంతయు పుత్రమోహముతో తప్పులు చేసిన ఆ రాజు, కడపటి ఘడియలో తన చేయి పట్టి నడిపినవాని ప్రాణమును గూర్చి తలచెను. చూపులేని తాను ఆ అగ్నికి ఆహుతి యగునని తెలిసియు, "నీవు పొమ్ము" అనెను. అంతవరకు సంజయుని వైపునుండియే సాగిన సేవ, ఆ మాటతో రెండువైపుల నుండి సాగిన సఖ్యమైనది. సేవ ఒకరు చేయవచ్చును, స్నేహమునకు ఇద్దరు కావలెను.

నేటి సంజయులు

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున సుమారు 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు కలరు. 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములను గుర్తించగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. ఈ రెండవ చట్టమున సంరక్షకుడు అను మాటకు ఒక నిర్వచనము కలదు. వేతనము తీసికొని గాని, తీసికొనక గాని వికలాంగునకు సంరక్షణ, సహాయము అందించువారెవరైనను, తల్లిదండ్రులతో సహా, సంరక్షకులే. కన్నతల్లిని, జీతమునకు వచ్చిన మనిషిని ఒకే మాటతో చట్టము గౌరవించినది. అధికమైన తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షక భృతినిచ్చు విషయమును గూడ అది ప్రస్తావించినది.

ఈ పనికి శిక్షణయు కావలెను. పునరావాస వృత్తులలోనివారి శిక్షణను క్రమబద్ధము చేయుటకు 1992లో ఒక చట్టము వచ్చినది. సికింద్రాబాదు మనోవికాస్ నగరునందలి జాతీయ సంస్థ 1984 నుండి బుద్ధిమాంద్యము గలవారి విషయమున కృషి చేయుచున్నది. పాఠశాల విద్యాశాఖ నడుపు భవిత కేంద్రములలో ప్రత్యేకావసరములు గల బాలలకు బోధించువారు కలరు. పడకనుండి కుర్చీలోనికి మార్చునప్పుడు నడుము నొవ్వకుండ ఎట్లు ఎత్తవలెను, మింగుట కష్టమైన బిడ్డకు ముద్ద ఎట్లు పెట్టవలెను, ఒకేవైపు పడుకొనియుండుటచే పుండ్లు పడకుండ ఎప్పుడెప్పుడు ప్రక్క మార్చవలెను - ఇవి నేర్చుకొన్న విద్యలు. దయ ఒక్కటే చాలదు.

మన ప్రాంతపు ఇండ్లు

2016లో పలు జిల్లాలుగా విడిపోయినను, పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కష్టసుఖములు ఒక్కటే. తండ్రి దుబాయిలోనో, మస్కటులోనో ఉండును, లేదా సింగరేణి గనిలో షిఫ్టుకు పోవును. తల్లి ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండును. అట్టి ఇంట కాళ్లుచేతులు వశములో లేని ఒక బిడ్డ కలదనుకొనుడు. తల్లి పని ఆపిన పూట గడవదు, ఆపకున్న బిడ్డకు దిక్కులేదు. ఆ గడపలోనికి ఒక ఆడుబిడ్డ వచ్చి, బిడ్డకు స్నానము చేయించి, తల దువ్వి, "ఈ దినము ఏ రంగు గౌను తొడుగుకొందువు?" అని అడుగుననుకొనుడు. మాట రాని బిడ్డ కనుచూపుతో ఎర్రగౌనును చూపును. ఆమె అదియే తొడుగును. తల్లి చేయి బీడీలమీదనే ఉండి, కన్నులు చెమర్చును. ఇంతవరకు ఆ బిడ్డకు ఏమి చేయవలెనో అందరును చెప్పిరి, ఏమి కావలెనని అడిగినది ఈమె యొక్కతే. కనుకనే ఆ బిడ్డకు ఆమె పనిమనిషి కాదు, అక్క.

కృతజ్ఞత ఎట్లుండవలెను?

ఇట్టివారికి మనమేమి చేయవలెను? "పుణ్యాత్మురాలవు" అని పొగడి ఊరకుండుట సులభము. కాని పొగడ్తతో పొయ్యి వెలుగదు. కావున నాలుగు మాటలు మనసున నిలుపుకొనుడు.

ఒకటి, స్నేహమని పేరు పెట్టి కూలి ఎగవేయరాదు. "ఇంటిమనిషివే గదా" అని జీతము ఆలస్యము చేయుట, చెప్పిన గంటలకన్న ఎక్కువ పని చేయించుట, ఇంటిల్లిపాది అంట్లు తోమించుట స్నేహము కాదు. స్నేహితుడైనందున ఇంకను నిక్కచ్చిగా ఇవ్వవలెను.

రెండు, ఆమెకును ఒక ఇల్లు కలదు. బతుకమ్మ పండుగనాడు ఆమెను పుట్టింటికి పోనిండు. జ్వరము వచ్చిన పడుకొననిండు. దావాగ్నిలో సంజయుని పొమ్మన్న మాటను తలచుకొనుడు.

మూడు, వికలాంగుని ఎదుట పెట్టుకొని తోడున్నవానితో మాట్లాడకుడు. "వీనికి ప్రసాదము పెట్టవచ్చునా?" అని తోయువానిని అడుగుట కద్దు. కుర్చీలోనున్న వానినే అడుగుడు. మంచి సహాయకుడు జవాబు తాను చెప్పక మౌనముగా నుండి, తన మిత్రుని మాటకు చోటిచ్చును.

నాలుగు, పూర్వజన్మ కర్మమని ఇతరులను నిందింపకుడు. కర్మసిద్ధాంతము మన నడతను దిద్దుకొనుటకు చెప్పబడినది, పరుల దుఃఖమునకు తీర్పు చెప్పుటకు కాదు. ఎదుట బాధపడువానిని చూచినప్పుడు మన కర్తవ్యకర్మ యేమి అన్నదే మనము వేసికొనవలసిన ప్రశ్న.

ముగింపు

పండ్రెండేండ్లకొకసారి వచ్చు గోదావరి పుష్కరములలో, 2015లో ధర్మపురి ఘట్టములందు వేలాదిమంది మునిగిరి. మెట్లు దిగలేనివానికి నది ఎంత దగ్గరనున్నను దూరమే. ఆ చివరి నాలుగు మెట్లు దింపు చేయి దొరికినప్పుడే గంగమ్మ వానికి అందును. ఆ చేయి గలవానికి మొదట నమస్కరింపుడు, ఒప్పుకొన్న కూలి ఒప్పుకొన్ననాడే ఇండు. పిదప, మునిగి లేచినవాడు తన తోడువానిమీద నీళ్లు చిలుకరించి నవ్వునప్పుడు దూరముగా నిలిచి చూడుడు. అచట దాత ఎవరో, గ్రహీత ఎవరో మీకు తెలియరాదు. సఖ్యమన్న అదియే.

స్వస్తి.