వాలీబాలు ఆడపిల్లకు అన్నం పెడుతుందా?

“ఆడితే అన్నం దొరుకుతుందా తల్లీ?” అని అడగని అమ్మమ్మ మన యిళ్లలో అరుదు. ప్రశ్న మొరటుగా వినిపించినా న్యాయమైనదే. పిల్లకు చదువు చెప్పించినా, సంగీతం నేర్పించినా అది రేపు యెంతవరకు ఆదుకుంటుందో తల్లిదండ్రులు లెక్క చూసుకుంటారు. ఆట విషయంలో మాత్రం ఆ లెక్క వేయకుండానే “వద్దు” అనేస్తారు. వాలీబాలు సంగతిలో ఆ లెక్క యేమిటో యీ మాసం కాస్త ఓపికగా చూద్దాం.

ముందు మన తెలుగువారి మాట. ప్రభుత్వం అర్జున బహుమానాలను 1961లో ప్రారంభించింది. వాలీబాలులో ఆ బహుమానం శ్యామసుందరరావుగారికి 1974లోను, రమణారావుగారికి 1977-78లోను వచ్చింది. ఆ యిద్దరి కంటె ముందు, 1973లోనే, దానిని అందుకొన్నది ఒక స్త్రీ. ఆమె ఆంధ్రప్రదేశ్ క్రీడాకారిణి జి. మాలినీరెడ్డిగారు. యీ పేరు మన పిల్లలలో యెందరికి తెలుసు?

ఇంకొక యిల్లు చూడండి. బాడ్మింటను పి.వి. సింధు పేరు తెలియనివారు లేరు. 2016 రియో ఒలింపిక్సులో రజతం, 2019లో ప్రపంచ విజేత, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కాంస్యం. ఆమె తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన వాలీబాలు జట్టు సభ్యులు, రైల్వే ఉద్యోగి. తల్లి విజయగారు కూడా జాతీయస్థాయి వాలీబాలు క్రీడాకారిణి. సింధు తల్లిగా ఆమెను అందరూ యెరుగుదురు. ఆటగత్తెగా యెరిగినవారు తక్కువ. ఆ పిల్ల కోర్టులో యెగిరి కొట్టే దెబ్బలో తల్లి ఆట పాలు లేదని యెవరనగలరు?

ఇక లెక్కకు వద్దాం. ఇటలీ, తుర్కీ వంటి దేశాలలో ఆడవాళ్లు వాలీబాలు ఒక్కటే వృత్తిగా పెట్టుకొని బ్రతుకుతున్నారు. సంస్థలు జీతమిచ్చి, ఒప్పందం వ్రాసుకొని ఆడిస్తాయి. మన దేశంలో 2019లో ప్రో వాలీబాలు లీగు, 2022లో ప్రైమ్ వాలీబాలు లీగు మొదలైనాయి. రెండూ పురుషుల పోటీలే. కనుక వట్టి ఆట మీదనే బ్రతకవచ్చునని మన ఆడపిల్లలకు ఆశ పెట్టడం మోసం చేయడమే అవుతుంది.

మరి మన దేశంలో ఆటగత్తెకు అన్నం పెడుతున్నది యేది? ఉద్యోగం. రైల్వేలు, పోలీసు శాఖ, కేరళ విద్యుత్ బోర్డు వంటి సంస్థలు జట్లను పెంచుతున్నాయి. జాతీయ పోటీలలో రైల్వే మహిళల జట్టుకు, కేరళ జట్టుకు మధ్య పంతం యేండ్ల తరబడి నడుస్తున్నదే. రైల్వేలలో క్రీడల కోటా కింద 18 నుంచి 25 యేండ్ల లోపు వారిని తీసుకొంటారు. అమ్మాయి గుమాస్తాగానో, మరే చిన్న పదవిలోనో చేరుతుంది. ఆఫీసు పనితోపాటు అభ్యాసం, పోటీల కాలంలో ప్రత్యేకపు సెలవు. మోకాళ్లు, భుజాలు అరిగే ఆట గనుక 30 దాటిన తరువాత పై స్థాయిలో నిలవడం కష్టం. ఆట అక్కడ ఆగినా జీతం ఆగదు. 60 యేండ్ల వరకు ఉద్యోగం వుంటుంది. అమ్మమ్మగారి ప్రశ్నకు సూటి జవాబు యిదే: ఆట నేరుగా అన్నం పెట్టదు, అన్నం పెట్టే చోటికి చేయి పట్టుకొని తీసుకుపోతుంది.

ఇది మనకే ప్రత్యేకమైన సంగతి కాదు. జపానులో ఒసాకా దగ్గర కైజుకా అనే వూళ్లో నిచిబో నూలుమిల్లు వుండేది. అక్కడ పనిచేసే అమ్మాయిలు పగలు ఉద్యోగం చేసి, సాయంకాలం మొదలు రాత్రి పొద్దుపోయే దాకా వాలీబాలు సాధన చేసేవారు. 1962లో మాస్కోలో రష్యావారిని ఓడించి ప్రపంచ విజేతలైనారు. 1964లో టోక్యోలో ఆడవారి వాలీబాలును తొలిసారి ఒలింపిక్సులో చేర్చినప్పుడు స్వర్ణం గెలిచిన జపాను జట్టులో అధికభాగం ఆ మిల్లు పిల్లలే. నాయకురాలు మసాయె కసాయికి అప్పటికి 31 యేండ్లు. మరుసటి సంవత్సరం ఆమె వివాహం చేసుకొన్నది. “యీడు దాటిపోతున్నది” అనే మాట ఆ దేశంలోనూ వినిపించిందే. ఐనా ఆట ఆమె సంసారానికి అడ్డు రాలేదు.

మన దగ్గర చిక్కు యెక్కడ వున్నది? వయస్సులో వున్నది. ఉద్యోగానికి పనికివచ్చే యోగ్యతాపత్రాలు చాలావరకు 15, 22 యేండ్ల నడుమ సంపాదించుకొనవలసినవి - జూనియర్ జాతీయ పోటీలు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, ఆపైన సీనియర్ పోటీలు. సరిగా ఆ యేండ్లలోనే మనం పిల్లను యింట్లో కూర్చోబెడతాం. పదవ తరగతి పరీక్ష ఒక సాకు, పొరుగూరి ప్రయాణం ఒక భయం, నిక్కరు వేసుకొని ఆడటం ఒక సిగ్గు. “తిరిగి చెడేది ఆడది, తిరగక చెడేది మగాడు” అని సామెత వుండనే వుంది. కాని ఆటలో తిరగనిదే పేరు రాదు, పేరు రానిదే ఉద్యోగం రాదు. ఆ నాలుగైదేండ్లు పోతే మళ్లీ యే దేవుడూ తెచ్చి యివ్వడు.

యీ సంకోచం మన బళ్లారికి తగినది కాదు. యీ వూరి బళ్లారి రాఘవగారు (1880-1946) స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుపట్టి, సంసార పక్షపు స్త్రీలను రంగస్థలం మీదికి తీసుకువచ్చిన మహానుభావుడు. ఆ రోజులలో ఆయన విన్న నిందలు తక్కువా? ఆయనకు బ్రతుకు తెరువు న్యాయవాద వృత్తి, ప్రాణం నాటకం. మన అమ్మాయికి బ్రతుకు తెరువు రైల్వే ఉద్యోగం, ప్రాణం వాలీబాలు ఐతే తప్పేమి?

సరిహద్దు మాట కూడా చెప్పుకోవాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. కాబట్టి రాయదుర్గం అమ్మాయి ఆంధ్ర జట్టుకు ఆడితే, ఆమె పినతల్లి కూతురు బళ్లారిలో పెరిగి కర్ణాటక జట్టుకు ఆడుతుంది. అనంతపురంలో 1981లో వచ్చిన విశ్వవిద్యాలయానికీ, బళ్లారిలో 2010లో వచ్చినదానికీ ఒకే శ్రీకృష్ణదేవరాయల పేరు. అక్కచెల్లెళ్లు వలకు అటూ యిటూ నిలిచినా ఆట ఆటే. మన తెలుగు యింటి పిల్ల కర్ణాటక చొక్కా తొడుక్కుంటే అది యీ నేల ఋణం తీర్చుకోవడమే. మన జిల్లాలోనే తోరణగల్లు దగ్గర 2018లో వెలసిన క్రీడా శిక్షణాలయానికి కుస్తీ, బాక్సింగు, జూడో నేర్చుకొనడానికి యెక్కడెక్కడి ఆడపిల్లలో వస్తున్నారు. మన వీధి పిల్లను మాత్రం మనం వీధి చివరి మైదానానికి పంపడానికి జంకుతున్నాం.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు. వాలీబాలుకు పెద్ద ఖర్చు లేదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు నేల, ఒక వల, ఒక బంతి చాలు. ఆడవారికి వల యెత్తు 2.24 మీటర్లు. పిల్ల పొడగరి కాదని నిరుత్సాహపడవద్దు. 1998 నుంచి ‘లిబెరో’ అనే స్థానం వచ్చింది. వెనుక వరుసలో వుండి బంతి నేల తాకకుండా అందుకొనే యీ ఆటగత్తెకు యెత్తు కంటె చురుకు ముఖ్యం. చదువును విడిచిపెట్టనివ్వకండి, ఉద్యోగానికి రెండూ కావాలి. మోకాలు నొప్పి అంటే గారాబమని కొట్టివేయక వైద్యునికి చూపించండి. శిక్షకుడు యెవరో, ప్రయాణంలో తోడు యెవరో, బస యెక్కడో అడిగి తెలుసుకొనడం మీ హక్కు. తెలుసుకొన్న తరువాత పంపించడం మీ ధర్మం. ఆడి వచ్చిన ప్రతి పోటీ పత్రాన్నీ పెళ్లి నగలంత భద్రంగా దాచండి.

ఆడిన ప్రతి పిల్లా మాలినీరెడ్డి కాదు. పాడిన ప్రతి పిల్లా గాయని అవుతున్నదా? ఐనా పాట మాన్పించడం లేదు గదా! ఐదారేండ్లు ఆడి, యే జట్టులోనూ చోటు దొరకని అమ్మాయికి సైతం గట్టి ఒళ్లు, నలుగురితో కలిసి మెలగడం, ఓడినా మరునాడు మళ్లీ లేచి నిలవడం మిగులుతాయి. కట్నంలో యివ్వలేని వస్తువులివి. ఆ పిల్లకు 15 యేండ్లు నిండిన నాడు “ఇక చాలు” అనకుండా, “యీ యేడు కూడా ఆడుకో అమ్మా” అనగల తండ్రులు మన సంఘంలో పదిమంది వుంటే చాలు. తక్కిన పని పిల్లలే చూసుకుంటారు.