పట్టాల కింద కంకర

పాల్వంచలో థర్మల్ కరెంటు కేంద్రం ఉంది. అక్కడ 1966లో కరెంటు తయారీ మొదలైంది. కరెంటు కావాలంటే బొగ్గు కావాలి. సింగరేణి గనుల బొగ్గు గూడ్సు బండిలో వస్తుంది. బొగ్గు నిండిన ఒక్కో పెట్టె 80 టన్నులకు పైనే తూగుతుంది. అంటే 800 క్వింటాళ్లకు పైనే!

ఇంత బరువు ఏది మోస్తుంది? పట్టాలు మోస్తాయి. పట్టాల కింద అడ్డంగా దిమ్మెలు ఉంటాయి. వాటిని స్లీపర్లు అంటారు. స్లీపర్ల కింద కంకర ఉంటుంది. చివరికి బరువంతా కంకర మీదే పడుతుంది. కంకర ఆ బరువును నేల మీద సమంగా పరుస్తుంది. స్లీపర్లు జరగకుండా పట్టుకుంటుంది. వాన నీళ్లు నిలవకుండా చేస్తుంది.

ఎలాంటి రాయి కావాలి?

"కిన్నెరసానిలో గులకరాళ్లు ఉన్నాయి కదా! అవి వేస్తే సరిపోదా?" అనిపించవచ్చు. అవి పనికిరావు. ఏటి రాళ్లు నున్నగా, గుండ్రంగా ఉంటాయి. శనగల కుప్ప మీద చెయ్యి పెట్టి నొక్కండి. గింజలు పక్కకు జారిపోతాయి. గుండ్రాళ్లూ అంతే.

పగలగొట్టిన రాయికి అంచులు ఉంటాయి. ఒక రాయి అంచు ఇంకో రాయి సందులో ఇరుక్కుంటుంది. ఇక కదలదు.

రాయి గట్టిదై ఉండాలి. మెత్తటి రాయి నలిగి పొడి అవుతుంది. పొడి సందులను పూడుస్తుంది. నీళ్లు దిగవు. బురద అవుతుంది. పట్టా కుంగుతుంది.

జల్లెడ పరీక్ష

పిండిని జల్లించినట్టే కంకరనూ జల్లిస్తారు. 100 కిలోల కంకర తీసుకున్నారనుకోండి. 65 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ మీద 5 కిలోలకు మించి మిగలకూడదు. 20 మిల్లీమీటర్ల జల్లెడలో నుంచి 2 కిలోలకు మించి రాలకూడదు. పెద్ద రాళ్లు ఎక్కువైతే స్లీపరు కింద సరిగా సర్దుకోవు. చిన్నవి ఎక్కువైతే సందులు పూడిపోతాయి.

దుమ్ముతో జాగ్రత్త

ఒకప్పుడు కంకరను సుత్తెలతో కొట్టేవారు. ఆ పని చేసినవారిలో ఆడవాళ్లు ఎందరో! ఇప్పుడు రైలు కంకరను క్రషర్ మిషన్లు కొడుతున్నాయి. క్రషర్ల దగ్గరా ఆడవాళ్లు పని చేస్తున్నారు.

రాతి పొడి పట్టాల కింద చేరితే రైలుకు ముప్పు. ఊపిరితిత్తుల్లో చేరితే మనిషికి ముప్పు. దానివల్ల సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. వస్తే నయం కాదు. రాకుండా చూసుకోవాలి.

కొంగు అడ్డం పెట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. రాయి మీద నీళ్లు చల్లాలి. దుమ్మును ఆపే మాస్కు కట్టుకోవాలి. ఇవి యజమాని ఏర్పాటు చేయాలి. నలుగురూ కలిసి అడగండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. "రాళ్ల పని చేస్తాను" అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఇది పని వల్ల వచ్చే రోగమని చట్టం గుర్తించింది. నష్టపరిహారం అడిగే హక్కు ఉంది.

చదివారు కదా! చెప్పండి:

1. ఏటి రాళ్లు పట్టాల కింద ఎందుకు పనికిరావు?
2. రాయి మీద నీళ్లు ఎందుకు చల్లాలి?